సిలోను వైడూర్యం

వాన వెలిసిన మూడో రోజు
సింగారి హికాక మా కొట్టు మెట్టెక్కుతుంది.
రాయగడ రైలుగేటు పక్క సందులో
ఆరడుగుల వెడల్పు కొట్టు, తాత కట్టింది.
కొంగు ముడి పళ్ళతో విప్పి
బల్ల మీద దులుపుతుంది:
రెండు గాజుపెంకులు, ఒక పలుగురాయి,
ఒక్కోసారి
ఇదిగో, ఇలాంటిది.

తేనెరంగు. ఎర్రమట్టి ఇంకా వదల్లేదు.
దీపం కింద తిప్పితే
నడుమ సన్నని తెల్లగీత
కునుకు చెడిన పిల్లి కన్నులా కదిలింది.
నా గుండె కదిలింది. ముఖం కదల్లేదు.
ముఖం కదలకుండా ఉంచడం
నాన్న నేర్పిన మొదటి పని.
ఊదుగొట్టం పట్టడం ఆ తర్వాత.

ఎక్కడిదని అడగను.
కెర్రగుడ కొండ వెనక లీజు లేని గొయ్యి,
నిచ్చెన ఉండదు, సాలదుంగకి పెట్టిన గాట్లే మెట్లు.
ఫారెస్టు గార్డుకి వారం వారం కోడిపెట్ట.
మొన్న మట్టిపెళ్ళ విరిగి
ఆమె మరిది నడుం దాకా కూరుకుపోయాడు,
పైకి లాగేసరికి కుడికాలు తనది కాదు.
ఇవన్నీ అడక్కుండానే తెలుసు.
తెలిసినదాన్ని పైకి అడిగితే
ధర పెరుగుతుంది.

"పదమూడు వందలు" అన్నాను.
లెక్కపెట్టుకోలేదు. ఒక నోటు వెనక్కిచ్చి
"చిల్లర చెయ్యి, బస్సుకి" అంది.

సాన పట్టి, మెరుగు పెట్టి
పద్దెనిమిది రోజులు.
పార్వతీపురం నుంచి పాసింజరు దిగి
సుభాషిణి గారొచ్చారు.
కేతు మహర్దశట. సిద్ధాంతి రాసిచ్చిన కాయితం:
ఐదు రతీలకి తగ్గకుండా, వెండిలో,
సిలోనుదే. కింద రెండు గీతలు.

కుర్చీలో కూర్చోకముందే అడిగారు:
"బాబూ, ఎక్కడెక్కడి దేశాల్లోనో
పసివాళ్ళని గోతుల్లోకి దింపి తీయిస్తారటగా.
అలాంటి ఉసురు తగిలిన రాయి నాకొద్దు.
పాపం అంటనిదేనా?"

మంచి మనిషి. అడగాల్సిందే అడిగారు.
అడగాల్సినవాణ్ణే అడిగారు.

"సిలోనుదమ్మా, గవర్నమెంటు గని.
పనివాళ్ళకి బూట్లు, టోపీలు, ఆదివారం సెలవు."
సెలవు మాట ఎందుకన్నానో తెలీదు.
నగిషీ లేని అబద్ధం
చేతికి గుచ్చుకుంటుంది కాబోలు.

ఎలక్ట్రానిక్ కాటా ఉంది.
ఇలాంటి వాళ్ళొస్తే మాత్రం
నాన్న త్రాసు తీస్తాను, గురివింద గింజలతో సహా.
ఐదున్నర తూగింది.
పళ్ళెంలో ఒక గింజ దొర్లి
నల్లమచ్చ నా వైపు తిరిగింది.
వేలికొసతో సరిచేశాను.

ముప్పై ఒక్క వేలు.
రెండు వేలు తగ్గించమని బతిమాలి,
తగ్గాక సంతోషపడి,
మూడు రాత్రులు పచ్చిపాలలో నానబెడతానన్నారు
దోషమేదన్నా ఉంటే పోతుందని.
పగుల్లో, నా కుంచెకి అందని చోట,
రవ్వంత ఎర్రమట్టి ఉండిపోయింది.
పాలు ఏ రాత్రి రంగు తిరిగాయో
కబురు రాలేదు.

మళ్ళీ వాన. మళ్ళీ సింగారి.
ఈసారి ముడి విప్పలేదు.
"ఆ పిల్లికన్ను ఏ ఊరిదని చెప్పి అమ్మావు?"
"సిలోను."
"కొండకి అవతలా?"
"సముద్రానికి అవతల."
కాసేపు ఊహించుకుని పగలబడి నవ్వింది.
"బస్సు చార్జీ లేకుండా
ఎంత దూరం పోయొచ్చిందో!
మా మరిది మంచం దిగలేడు."

ఆ పూట తెచ్చిన గోమేధికానికి
మామూలు ధరకి మూడింతలిచ్చాను.
చీటీ మీద, మూడు తరాల్లో మొదటిసారి,
కెర్రగుడ, రాయగడ జిల్లా అని రాశాను.
నాన్న ఉంటే అనేవాడు,
రాయికి ఊరుండదురా, ధరే ఉంటుందని.

వచ్చినవాళ్ళు రాయి చూస్తున్నారు, మెచ్చుకుంటున్నారు,
చీటీ చదువుతున్నారు.
"ఇక్కడిదా!" అని
పెనం తగిలినట్టు వదిలేస్తున్నారు.
నలుగురు. నిన్నటితో ఐదుగురు.
ఏ గొయ్యి, ఎవరు తవ్వారని మాత్రం
ఒక్కరూ అడగలేదు.

ఇవాళ పొద్దుట్నుంచి మబ్బు పట్టి ఉంది.
సొరుగులోంచి చీటీ తీసి చూస్తున్నాను.
వెనకవైపు ఖాళీగానే ఉంది,
ఇంకో ఊరి పేరుకి సరిపడా.